ఆవా హెలెన్, లైనస్ పాలింగ్ పత్రాలు

అమెరికాలోని కోర్వాలిస్‌లో, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయం కాపాడుతున్న అపారమైన పత్రాల భాండారం. రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ (1901–1994) తాను చదువుకున్న ఆ సంస్థకే 1986లో వీటిని అప్పగించారు. 1922లో ఆయన పట్టా పుచ్చుకునే నాటికి అది వ్యవసాయ కళాశాల. భార్య ఆవా హెలెన్ పరిచయమైంది కూడా అక్కడే. ఆమె కూర్చున్న తరగతికి ఆయన రసాయన శాస్త్రం బోధించేవారు.

భాండారానికి ఇద్దరి పేర్లూ ఉండటం ఎంతో సబబు. అణుపరీక్షలు ఆపాలంటూ వేలాదిమంది శాస్త్రవేత్తల సంతకాలతో 1958లో ఐక్యరాజ్యసమితికి అందిన విజ్ఞప్తిలో ఆమె శ్రమ చాలా ఉంది. 1981లో ఆమె కన్నుమూశారు.

ఇందులో అన్నింటికన్నా విలువైనవి 46 పరిశోధన నోటుపుస్తకాలు. అచ్చయిన పరిశోధనా పత్రంలో తేలిన ఫలితమే కనిపిస్తుంది. ఈ పుటల్లో ఆ ఫలితానికి ముందున్న తర్జనభర్జన, కొట్టివేతలు కూడా చేతిరాతలోనే దొరుకుతాయి. సైన్స్ ఎలా నడుస్తుందో విద్యార్థికి ఇంతకన్నా బాగా చెప్పే పాఠ్యపుస్తకం లేదు. అవన్నీ డిజిటల్ రూపంలో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

పాలింగ్ తనకు వచ్చిన ఉత్తరాలతో పాటు, తాను పంపినవాటి కార్బన్ ప్రతులనూ దాచేవారు. అందుకే 1952లో అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు నిరాకరించినప్పటి వివాదంలాంటి ఘట్టాల్లో రెండువైపుల మాటా వినిపిస్తుంది.

1954 రసాయన శాస్త్ర, 1962 శాంతి నోబెల్ పతకాలు, ఆయన పెట్టుకున్న బెరే టోపీలు కూడా ఇక్కడే ఉన్నాయి.