ఢిల్లీలో 2టీ ఆయిల్ పాళ్లు: చరిత్ర

టూ స్ట్రోక్ బండిలో లీటరు పెట్రోలుకు ఎంత ఆయిల్ పోయాలన్నది చాలాకాలం పాటు బండి నడిపేవాడు, మెకానిక్కు, బంకులో పెట్రోలు కొట్టే కుర్రాడు తమలో తాము తేల్చుకున్న సంగతి. 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఢిల్లీలో ఆ నిర్ణయం వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. విడిగా ఆయిల్ అమ్మడం ఆగింది. పెట్రోలునూ ఆయిల్‌నూ బంకులోనే యంత్రంతో కలిపి ఇవ్వడం తప్పనిసరి అయింది. ఒక ఇంజిన్‌లో పోసే ఆయిల్ కొలత ఊరందరి ఊపిరితిత్తులకూ సంబంధించిన వ్యవహారమని అధికారికంగా ఒప్పుకున్న ఘట్టం అది. రాజధాని ప్రాంతానికి ఈ చరిత్రలో ఇంకో పాత్ర కూడా ఉంది: దేశం ఎరిగిన టూ స్ట్రోక్ మోటార్‌సైకిళ్లలో కొన్ని ఇక్కడి ఫరీదాబాద్, సూరజ్‌పూర్ కర్మాగారాల్లోనే పుట్టాయి.

ఆయిల్ కలపడం ఎందుకు

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ అడుగున నిలవ ఉండి, పంపు ద్వారా తిరిగి మళ్లీ అక్కడికే చేరుతుంది. టూ స్ట్రోక్‌లో ఆ వీలు లేదు. ఇంగ్లండులోని బాత్ నగరంలో జోసెఫ్ డే 1891లో రూపొందించిన ఇంజిన్‌లో క్రాంక్‌కేసే గాలిపంపుగా పనిచేస్తుంది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు గాలి, పెట్రోలు మిశ్రమం క్రాంక్‌కేసులోకి వస్తుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు అక్కణ్ణుంచి సిలిండర్‌లోకి నెట్టుకుపోతుంది. ఆ దారిలో ఆయిల్ నిలవ ఉంచితే అది కూడా మిశ్రమంతో పాటు కొట్టుకుపోతుంది. కాబట్టి ఆయిల్‌ను పెట్రోలులోనే కలిపి పంపించి, వెళ్తూ వెళ్తూ బేరింగులనూ పిస్టన్‌నూ తడిపేలా చేశారు. ఒకసారి లోపలికి వెళ్లిన ఆయిల్ తిరిగి రాదు. కొంత కాలిపోతుంది, మిగిలినది సైలెన్సర్ గుండా పొగై బయటపడుతుంది.

ఈ ఏర్పాటు వల్ల ఇంజిన్‌లో వాల్వులు, క్యామ్‌లు, ఆయిల్ సంపు అక్కర్లేకపోయాయి. ధర తగ్గింది, బరువు తగ్గింది, రోడ్డు పక్క మెకానిక్కు పది స్పానర్లతో విప్పి బిగించగల ఇంజిన్ వచ్చింది. మధ్యతరగతి భారతదేశం స్కూటరెక్కింది ఈ సౌలభ్యం వల్లే. దానికి తగ్గ మూల్యం కూడా ఉంది. పాత మిశ్రమాన్ని బయటికి తోసే పని కొత్త మిశ్రమమే చేయాలి గనుక, అందులో 15 నుంచి 40 శాతం దాకా కాలకుండానే బయటికి పోతుందని అంచనా. దానితో పాటే ఆయిల్ కూడా.

ఐదు శాతం నుంచి రెండు శాతానికి

ఆయిల్ పాలును రెండు రకాలుగా చెబుతారు. 1:50 అంటే ఒక వంతు ఆయిల్‌కు యాభై వంతుల పెట్రోలు, అంటే 2 శాతం, లీటరుకు 20 మిల్లీలీటర్లు. 1:20 అంటే 5 శాతం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీలో వచ్చిన తొలి వెస్పాలకు 5 శాతం ఆయిల్ కావలసి వచ్చేది. 1960ల నాటికి కొత్త వెస్పాలకు 2 శాతం సరిపోయింది. ఇందుకు కారణం ఆయిల్ మెరుగుపడటమొక్కటే కాదు. కనెక్టింగ్ రాడ్డుకు బుష్షుల బదులు సూది రోలరు బేరింగులు వచ్చాయి. వాటికి అంత ఆయిల్ అక్కర్లేదు. కొత్త వెస్పా ఇంజిన్‌లో మిశ్రమం నేరుగా క్రాంక్ మీదనే పడేలా దారి మార్చారు. తగ్గిన పాలు వెనక ఇంత ఇంజనీరింగ్ ఉంది. పాత బండి యజమాని ఎవరైనా కొత్త బండి చూసి తానూ 2 శాతానికి దిగితే బేరింగులు అరిగిపోతాయి. ఏ పాలు మంచిదన్న ప్రశ్నకు జవాబు ఆ ఇంజిన్‌లోనే ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

భారతదేశంలో బజాజ్ 1960ల నుంచి పియాజియో లైసెన్సుతో వెస్పాలు తయారుచేసింది. ఆ వారసత్వంలోనే 1972లో చేతక్ వచ్చింది. లాంబ్రెట్టా స్కూటర్ల శాఖ బొంబాయి నుంచి లక్నోకు, అక్కణ్ణుంచి హైదరాబాదుకూ విస్తరించింది: హైదరాబాద్ ఆల్విన్ వారి పుష్పక్ స్కూటరు ఆ కుటుంబంలోదే. మోపెడ్‌లలో 1972 నాటి లూనా, 1980 నాటి టీవీఎస్ 50 ఇంటింటికీ చేరాయి. వీటన్నిటికీ పెట్రోలులో ఆయిల్ పోయించడమే పద్ధతి. కొన్ని మోపెడ్‌లకు ట్యాంకు మూతే కొలపాత్ర.

ఢిల్లీ పరిసరాల్లో పుట్టిన బండ్లు

ఫరీదాబాదులోని ఎస్కార్ట్స్ సంస్థ 1960ల మొదట్లో పోలండుకు చెందిన ఎస్‌హెచ్‌ఎల్ మోటార్‌సైకిల్ నమూనాతో రాజ్‌దూత్ 175 తయారీ మొదలుపెట్టింది. పాలవాళ్లు క్యానులు వేలాడదీసుకుని తిరిగింది దాని మీదే. ఎస్కార్ట్స్, యమహా కలిసి 1983లో రాజ్‌దూత్ 350ని, 1985లో ఆర్‌ఎక్స్ 100ను తెచ్చాయి. ఆర్‌ఎక్స్ 100 తయారైన సూరజ్‌పూర్ నేటి గ్రేటర్ నోయిడాలో భాగం.

ఈ యమహాలతో ఆయిల్ పాళ్ల కథలో కొత్త మలుపు వచ్చింది. వీటిలో ఆయిల్‌కు వేరే ట్యాంకు, వేరే పంపు ఉన్నాయి. యమహా 1964లో ఆటోల్యూబ్ పేరుతో తెచ్చిన ఈ పద్ధతిలో పంపుకు ఇంజిన్ వేగంతోనూ, ఎక్సలేటరు తీగతోనూ లంకె ఉంటుంది. ఎక్సలేటరు తిప్పకుండా నెమ్మదిగా పోతున్నప్పుడు ఆయిల్ తక్కువ, ఎక్కించి లాగినప్పుడు ఎక్కువ. సిగ్నల్ దగ్గర ఆగిన బండికీ, పూర్తి వేగంతో పోయే బండికీ ఒకే పాలు ఆయిల్ కావాలని లేదు. ముందుగా కలిపిన మిశ్రమానికి ఆ తేడా తెలియదు, పంపుకు తెలుస్తుంది. 1984లో వచ్చిన కైనెటిక్ హోండాలోనూ ఆయిల్ పంపే ఉంది. అయినా చాలామంది యజమానులు పంపును నమ్మలేదు. పంపు చెడిపోతే ఇంజిన్ పట్టేసేదాకా ఆ సంగతి తెలియదన్న భయంతో దాన్ని తీసేయించి, చేత్తో కలిపిన పెట్రోలుకే వెళ్లారు.

ఆటో డ్రైవరు లెక్క

అసలు సమస్య ఆటోరిక్షాల దగ్గర ముదిరింది. బజాజ్ ఆటోలో స్కూటరు ఇంజిన్‌కు దగ్గరి బంధువైన టూ స్ట్రోక్ ఇంజిన్ రోజంతా ముగ్గురు నలుగురిని లాగాలి. స్కూటరుకు 2 శాతం సరిపోతే, ఆటోకు తయారీదారులు 3 శాతం చెప్పేవారు. మూడు లీటర్ల పెట్రోలుకు 90 మిల్లీలీటర్లు. ఆయిల్ డబ్బా వంచి కంటి అంచనాతో పోస్తే అది ఇట్టే 150 దాటుతుంది. అప్పటికి పాలు 5 శాతం. ప్రపంచ బ్యాంకు 2000లో దక్షిణాసియా టూ స్ట్రోక్ వాహనాల మీద వెలువరించిన నివేదిక ఈ అలవాటును వివరంగా నమోదు చేసింది. డ్రైవర్లు చెప్పినదానికన్నా ఎక్కువ పోస్తున్నారు. పోసేది కూడా చాలాచోట్ల టూ స్ట్రోక్ కోసమే చేసిన 2టీ ఆయిల్ కాదు, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఆయిలో, వాడేసి తీసిన ఆయిలో.

దీన్ని తెలివితక్కువతనమని కొట్టేయడం అన్యాయం. ఢిల్లీ మే నెల ఎండలో ఆయిల్ తక్కువై పిస్టన్ సీజ్ అయితే బోర్ చేయించాలి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాలి, ఆ రోజుల్లో అద్దె కట్టినా రాబడి ఉండదు. చాలామందికి ఆటో సొంతం కాదు. రోజు కిరాయికి తీసుకున్నవాడు యజమాని ఇంజిన్ ఆయుష్షు గురించి కన్నా ఇవాళ దారిలో ఆగకపోవడం గురించే ఆలోచిస్తాడు. పొగ ఎవరికి తగులుతుందన్నది ఆ లెక్కలో ఎక్కడా రాదు. దాన్ని లెక్కలోకి తేవలసింది ప్రభుత్వమే.

పైగా, ఎక్కువ పోస్తే మేలన్న నమ్మకం సాంకేతికంగానూ నిలవదు. మిశ్రమంలో ఆయిల్ పెరిగినకొద్దీ అదే జెట్టు గుండా పోయే పెట్రోలు తగ్గుతుంది. గాలితో పోలిస్తే ఇంధనం పలచబడి ఇంజిన్ మరింత వేడెక్కుతుంది. కాలని ఆయిల్ ప్లగ్గు మీద చేరి నిప్పురవ్వ రాకుండా చేస్తుంది. ఎగ్జాస్ట్ పోర్టులో కార్బన్ గట్టిపడి ఇంజిన్ ఊపిరి బిగుస్తుంది. సైలెన్సర్ విప్పి కాల్చి కార్బన్ రాల్చడం ఆ రోజుల్లో మెకానిక్కుల నిత్యకృత్యం. ఫోర్ స్ట్రోక్ ఆయిల్‌లోని జింకు, కాల్షియం రసాయనాలు కాలితే బూడిద మిగులుతుంది. పిస్టన్ తల మీద అది పేరుకుని ఎర్రగా కాలుతూ, సమయానికి ముందే మంట పుట్టిస్తుంది.

1998 ఆదేశం

ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 1996లో వాహన కాలుష్యంపై ‘స్లో మర్డర్’ నివేదికను ప్రచురించి చర్చను ఇంటింటికీ తెచ్చింది. 1997 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఢిల్లీ కాలుష్యంపై శ్వేతపత్రం వెలువరించింది. అప్పటికి రాజధానిలో నమోదైన వాహనాల్లో సుమారు మూడింట రెండు వంతులు ద్విచక్ర వాహనాలు, వాటిలో అత్యధికం టూ స్ట్రోక్‌లే. 1998 జనవరిలో భూరేలాల్ అధ్యక్షతన పర్యావరణ కాలుష్య నివారణ, నియంత్రణ సంస్థ ఏర్పడింది. న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యంలో, ఆ సంస్థ సూచనల మీద ఆధారపడి సుప్రీంకోర్టు 1998 జూలై 28న కాలపరిమితులతో ఆదేశాలు ఇచ్చింది.

ఆ జాబితాలో జనానికి గుర్తుండిపోయింది బస్సులను సీఎన్‌జీకి మార్చడం. ఆయిల్‌కు సంబంధించినవి చిన్న వాక్యాలు: 1998 డిసెంబరు 31 నాటికి బంకుల్లోనూ గ్యారేజీల్లోనూ విడిగా 2టీ ఆయిల్ అమ్మకం నిషేధం; అదే తేదీకి టూ స్ట్రోక్ వాహనాలకు యంత్రంతో కలిపిన ప్రీమిక్స్ తప్పనిసరి. 1990కి ముందరి ఆటోలు, టాక్సీలు 2000 మార్చి 31 లోగా శుభ్రమైన ఇంధనంతో నడిచే కొత్తవాటికి చోటివ్వాలి. ఈ ఆదేశాల్లోకెల్లా అమలుకు సులువైనవి, ఖర్చు తక్కువైనవి ఆయిల్ ఆదేశాలే. కోట్ల ఖర్చుతో బస్సులు మార్చనక్కర్లేకుండా, లీటరుకు కొన్ని చుక్కల తేడాతో పొగ తగ్గించగల మార్గమది. దానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

పాలును మాత్రమే కాక, ఆయిల్ నాణ్యతనూ పట్టించుకున్న కాలం కూడా అదే. 1999 ఏప్రిల్ 1 నుంచి తక్కువ పొగ 2టీ ఆయిల్‌నే వాడాలని నిబంధన వచ్చింది. జపాన్ ప్రమాణ సంస్థ 1994లో ఈ ఆయిళ్లను ఎఫ్‌ఏ, ఎఫ్‌బీ, ఎఫ్‌సీ అని వర్గీకరించింది. తక్కువ పొగ అంటే ఎఫ్‌సీ స్థాయి. వీటిలో బరువైన ఖనిజ నూనెకు బదులు పాలీఐసోబ్యూటీన్ అనే పదార్థం కొంత చేరుస్తారు. జారుడు గుణం పోకుండానే అది దాదాపు మసి లేకుండా కాలిపోతుంది. పెట్రోలులో చప్పున కలవడానికి పలచని ద్రావకం, కలిసిందో లేదో కంటికి తెలియడానికి రంగు కూడా వేస్తారు. సర్వో, మాక్, హెచ్‌పీ, క్యాస్ట్రాల్ పేర్లతో చిన్న ప్యాకెట్లు ఊరూరా దొరికేవి. ప్యాకెట్‌లో ఉన్న ఆయిల్ లీటరుకో, రెండు లీటర్లకో సరిపోయే కొలత. డబ్బా వంచి పోసే అలవాటుకు అదే మందు.

ప్రీమిక్స్‌కు ఒక పరిమితి ఉంది. బంకు ఇచ్చేది ఒకే పాలు. ఆటోకూ స్కూటరుకూ కావలసినది ఒకటి కాదు. ఆయిల్ పంపు ఉన్న ఆర్‌ఎక్స్ 100, కైనెటిక్ హోండాలకు కలిపిన పెట్రోలు పోస్తే ఆయిల్ రెట్టింపవుతుంది. వాటి యజమానులు ఉత్త పెట్రోలు అడిగి పోయించుకోవలసిందే.

గ్యాసు వచ్చాక

సీఎన్‌జీ వాయువు. అందులో ఆయిల్ కలపడం కుదరదు. అందుకే ఢిల్లీలో తొలుత వచ్చిన సీఎన్‌జీ టూ స్ట్రోక్ ఆటోలకు ఆయిల్ పంపు పెట్టవలసి వచ్చింది. దాంతో పాలును నిర్ణయించే బాధ్యత బంకు నుంచి ఇంజిన్‌లోని పంపుకు మారింది. పంపు అమరిక తప్పినా, రింగులు అరిగినా, గాలి ఫిల్టరు మార్చకపోయినా తెల్ల పొగ మళ్లీ కనిపించింది. గ్యాసుతో నడిచే బండి ఎందుకు పొగ వదులుతోందని జనం ఆశ్చర్యపోయారు. పొగ గ్యాసుది కాదు, ఆయిల్‌ది. భూరేలాల్ సంస్థ ఈ విషయాన్ని కూడా పరిశీలించింది. తర్వాత ఫోర్ స్ట్రోక్ సీఎన్‌జీ ఆటోలు వాటి స్థానం తీసుకున్నాయి.

ద్విచక్ర వాహనాల విషయంలో 2000 నాటి ఉద్గార ప్రమాణాలు కిలోమీటరుకు కార్బన్ మోనాక్సైడ్ 2 గ్రాములకు, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి 2 గ్రాములకు పరిమితం చేశాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ లేకుండా టూ స్ట్రోక్ దాన్ని అందుకోవడం కష్టం. ఆయిల్ బూడిద ఆ కన్వర్టర్‌నూ పాడుచేస్తుంది. తర్వాతి ప్రమాణాలకు కంపెనీలు ఫోర్ స్ట్రోక్‌నే ఎంచుకున్నాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించిన నిషేధాన్ని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇప్పుడు ఢిల్లీలో చేత్తో ఆయిల్ కలిపే పని ఎక్కువగా తోటల్లో కనిపిస్తుంది. పార్కుల్లో భుజాన తగిలించుకుని గడ్డి కోసే బ్రష్ కట్టర్లలో చాలావరకు టూ స్ట్రోక్‌లే. స్టిల్ వంటి సంస్థలు తమ ఆయిల్‌తో 1:50 చెబుతాయి. చవక యంత్రాలకు 1:25 పాలు రాసి ఉండటమూ మామూలే. కలిపే తీరు మారలేదు: శుభ్రమైన డబ్బాలో సగం పెట్రోలు పోసి, కొలిచిన ఆయిల్ వేసి, గట్టిగా కుదిపి, మిగతా పెట్రోలు చేర్చి మళ్లీ కుదపాలి. నెల దాటి నిలవ ఉన్న మిశ్రమాన్ని వాడకూడదు. పెట్రోలులోని తేలిక భాగం ఆవిరైపోతే మిగిలినదానిలో ఆయిల్ పాలు పెరుగుతుంది.