కోయభాషలో ప్రార్థన

భద్రాచలమునకు ఎగువను గోదావరీతీరమున దుమ్ముగూడెము కలదు. 1860 ప్రాంతమున అచ్చట నదీనౌకాయానమునకై ఆనకట్ట పనులు నడపుచుండిన హేగ్ అను ఇంజనీరు, చుట్టుపట్ల గూడెములలోని కోయలకు క్రీస్తుమతమును తెలుపవలెనని సంకల్పించెను. చర్చి మిషనరీ సొసైటీవారు ఆ కార్యమునకు పూనుకొనిరి. 1871 లో నౌకాయానపు పనులు ఆగిపోయినవి. మిషను మాత్రము సాగినది.

అయితే ప్రార్థన యే భాషలో జరుగవలెను? కచేరిలోను సంతలోను తెలుగు చెల్లును. సంతలో బేరమునకు చాలిన భాష, చావు వచ్చిన యింట ఓదార్పునకు చాలునా? కోయభాష తెలుగునకు యాస కాదు. గోండికి మిక్కిలి దగ్గరిదై, తెలుగునకు తోబుట్టువైన భాష. జాన్ కెయిన్ అను బోధకుడు ఆ భాషను, ఆ జనుల యాచారములను పరిశీలించి వ్యాసములు వ్రాసెను. 1889 లో లూకా సువార్త కోయభాషలో అచ్చుపడెను.

ఆయన మతోద్దేశము అందఱకును సమ్మతము కాకపోవచ్చును. కాని తరతరములుగా కోయల పొరుగున నుండియు వారి మాటను అడవిమాటయని నవ్వుటయేగాని, నేర్చిన తెలుగువారము మనలో నెందఱము? ప్రభుత్వము బహుభాషావిద్యను ఆరంభించి గూడెపు బడులకు కోయ వాచకములు చేయించినది 2004 ప్రాంతమున. అనగా ఆ సువార్త వెలువడిన నూరేండ్లకు పిమ్మట. ఉపాధ్యాయుడు గాని, వైద్యుడు గాని, బోధకుడు గాని గూడెమునకు పోదలచినచో, తాను చెప్పదలచినది చెప్పుటకు ముందు, ఆ గూడెపు బిడ్డలయొద్దనే మాటలు నేర్చుకొనవలెనని మా విన్నపము.