వెబ్లీ వారి నమూనా, ఎన్‌ఫీల్డు వారి పేరు

కలెక్టరేటులో ఆయుధ లైసెన్సుల సీటు చూసిన రోజుల్లో రిజిస్టరులో తయారీదారు కాలమ్ కింద 'వెబ్లీ, బర్మింగ్‌హామ్' అని రాసీ రాసీ నా చేతికి అలవాటైపోయింది. ఆ కంపెనీకి రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఏం జరిగిందో మాత్రం రిటైరయ్యాక తీరిగ్గా చదివి తెలుసుకున్నాను.

మొదటి యుద్ధంలో బ్రిటిష్ అధికారుల నడుముకు వేలాడింది వెబ్లీ మార్క్ 6. 1915లో వచ్చింది. తూటా .455, బరువు కిలోకు పైనే. పేలిస్తే మణికట్టు అదిరేది. (అది రివాల్వరే అయినా సర్కారు కాగితాల్లో 'పిస్టల్' అనే రాసేవారు. కాగితాల సంగతి మనకు కొత్తా!) కొద్దిపాటి శిక్షణతో యుద్ధానికి వెళ్లే మనిషికి అంత బరువు పనికిరాదని యుద్ధం ముగిశాక సైన్యం తేల్చింది. .38 చాలునన్నారు. కాని గుండు మాత్రం 200 గ్రెయిన్లు, అంటే తులం పైచిలుకు ఉండాలి.

వెబ్లీ వారు అందుకు తగిన రివాల్వరు తయారుచేసి సమర్పించారు. ప్రభుత్వం ఆ నమూనాను తీసుకెళ్లి తన సొంత ఎన్‌ఫీల్డు ఫ్యాక్టరీకి అప్పగించింది. కొన్ని మార్పులు చేసి 1932లో 'ఎన్‌ఫీల్డ్ నంబర్ 2' పేరిట సైన్యానికిచ్చింది. బరువు ముప్పావు కిలో. వెబ్లీ వారు ఖర్చుల కింద 2,250 పౌండ్లు అడిగారు. డిజైను కెప్టెన్ బాయ్స్‌దనీ, వెబ్లీ సాయం మాత్రమే చేసిందనీ ఎన్‌ఫీల్డు వాదించింది. దావా నిలవలేదు. చివరకు ఆవిష్కర్తలకు పారితోషికాలిచ్చే రాయల్ కమిషన్ 1,250 పౌండ్లు ఇప్పించింది.

నేను నెల రోజులు కూర్చుని రాసిన నోటు పైఅధికారి పేరుతో హైదరాబాదు వెళ్లి మెప్పు తెచ్చుకున్న రోజు ఇప్పటికీ గుర్తే. మనకు ఆ 1,250 కూడా లేదనుకోండి!

1938లో ఇంకో మార్పు చేశారు. ఇరుకు ట్యాంకుల్లో దిగుతూ ఎక్కుతూ ఉంటే వెనుక సుత్తి కొక్కెం తగులుకుంటోందని దాన్ని తీసేశారు. దాంతో సుత్తిని ముందే వెనక్కి లాగి, నిదానంగా గురిపెట్టే వీలు పోయింది.

మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. ఎన్‌ఫీల్డు తయారీ చాలలేదు. ప్రభుత్వం మళ్లీ వెబ్లీ గుమ్మమే తొక్కి, వాళ్ల .38 మార్క్ 4 రివాల్వర్లను కొన్నది.

మన కాన్పూరు ఆయుధ కర్మాగారం చేసిన .32 రివాల్వరుకూ ఆ మార్క్ 4 పోలికే మూలం. రిజిస్టరులో మాత్రం తయారీదారు కాలమ్ కింద 'కాన్పూరు' అనే రాశాను.