ధనియాలు చలవా? వేడా?

మా అమ్మకి థైరాయిడ్ సరిగ్గా పనిచెయ్యడం మానేసి ఆరేళ్లయింది. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర, అంతే. ఇంట్లో ఎవరం దాని గురించి పెద్దగా ఆలోచించేవాళ్లం కూడా కాదు. పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు చూద్దును కదా, మాత్రలు కొన్నవి కొన్నట్టే డబ్బాలో ఉన్నాయి. పక్కన గాజుగ్లాసులో రాత్రి నానబెట్టిన ధనియాలు!

"ఏంటమ్మా ఇది?" అంటే ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. వాట్సాప్‌లో వచ్చిన సందేశం. మీకూ ఏదో ఒక గ్రూపులో వచ్చే ఉంటుంది. అయిదు వేల ఏళ్ల క్రితమే మన ఋషులు కనిపెట్టారట, పొద్దున్నే ధనియాల నీళ్లు తాగితే థైరాయిడ్ మూడు నెలల్లో మాయమట, మందుల కంపెనీలు ఈ రహస్యాన్ని తొక్కిపెట్టాయట. చివర్లో పది మందికి పంపమని విన్నపం. అమ్మ బుద్ధిగా పంపింది కూడా.

మూడు నెలల తర్వాత చేయించిన రక్తపరీక్షలో, మూడు దగ్గర ఉండాల్సిన టీఎస్‌హెచ్ ముప్ఫై ఒకటికి చేరింది. మొహం ఉబ్బింది, రెండు మెట్లెక్కితే ఆయాసం. నేను అరిచాను. అమ్మ మాత్రం తాపీగా "మీ అమ్మమ్మ కూడా తాగేదిరా. ధనియాలు చలవ. ఇవి తాగి పోయినవాళ్లెవరూ లేరు" అంది. డాక్టరుగారు మళ్లీ మాత్రలు మొదలుపెట్టించారు, మనిషి తేరుకుంది. అక్కడితో కథ అయిపోవాలి.

కానీ నాకో పురుగు తొలిచింది. అసలు ఈ ధనియాల నీళ్ల గురించి పాత పుస్తకాల్లో ఉందా లేదా? ఉండదనే నా గట్టి నమ్మకం. ఆ మాట అమ్మకి ఆధారాలతో సహా చూపించి నోరు మూయించాలన్నది నా దురాలోచన :) పగలు కోడు, రాత్రి చరకుడు - నాలుగు నెలలు ఇదే పని. చివరికి తేలిందేమిటంటే, ఆ సందేశమూ తప్పే, నా నమ్మకమూ తప్పే.

మొదట పుట్టుక సంగతి. ధనియం మొక్క మన నేలది కాదు. మధ్యధరా సముద్రానికి తూర్పు వైపు, పశ్చిమాసియా ప్రాంతం దాని పుట్టిల్లని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇజ్రాయెల్‌లోని నహల్ హెమార్ గుహలో కొత్తరాతియుగపు పొరల్లో ధనియాలు దొరికాయి. 1922లో హోవర్డ్ కార్టర్ కనుక్కున్న టూటన్‌ఖామున్ సమాధిలో దాదాపు అర లీటరు ధనియాలున్నాయి. ఈజిప్టులో ఆ మొక్క దానంతటదే మొలవదు కాబట్టి అప్పటికే సాగు చేస్తున్నారని లెక్క. గ్రీసులో పైలోస్ రాజభవనపు మట్టిపలకల మీద, సుగంధతైలాలు చేసేవాళ్లకిచ్చిన సరుకుల పద్దుల్లో కూడా ధనియాల పేరుంది. ఆ లిపిని మైకేల్ వెంట్రిస్ 1952లో ఛేదించాడు కాబట్టి ఈ పద్దు మనకి తెలిసింది.

మరి మన దగ్గరికి ఎప్పుడొచ్చింది? తేదీ చెప్పలేం గానీ, పాణిని నాటికే బాగా పాతుకుపోయింది. క్రీస్తుకి నాలుగైదు వందల ఏళ్ల ముందటి అష్టాధ్యాయిలో 'కుస్తుంబురు' అనే పేరు కోసం ఆయన ఏకంగా ఒక సూత్రమే కేటాయించాడు. మొక్క పేరైతేనే మధ్యలో ఆ 'స' వస్తుంది, లేకపోతే మాటకి 'చెడ్డ తుంబురు కాయలు' అని అర్థం వస్తుందని వ్యాఖ్యాతల వివరణ. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోష్ఠాగారంలో ఉంచాల్సిన కారపు సరుకుల జాబితాలో పిప్పలి, మిరియం, అల్లం సరసన కుస్తుంబురు కూడా ఉంది.

ఇప్పుడు ఈ పేర్లు వరసగా చదవండి. ప్రాచీన మెసొపొటేమియాలోని అక్కాడియన్ భాషలో కిసిబిర్రు, సంస్కృతంలో కుస్తుంబురు, కన్నడంలో కొత్తంబరి, మనకి కొత్తిమీర. ఈ పోలికని భాషావేత్తలు ఎప్పుడో గమనించారు. ఆకుకి మనం ఆ పాత పేరే ఉంచుకున్నాం. గింజకి మాత్రం 'ధాన్యక' నుంచి వచ్చిన ధనియాలు అన్న పేరు పెట్టుకున్నాం. ధాన్యంలా కనబడేది అని అర్థం. అమ్మ వంటింట్లో ఒకటి ఫ్రిజ్‌లో ఉంటుంది, ఇంకోటి పోపులపెట్టె పక్క డబ్బాలో ఉంటుంది. రెండూ ఒకే మొక్క అని చిన్నప్పుడు నాకు తెలియనే తెలియదు.

కాబట్టి 'మన ఋషులు కనిపెట్టారు' అన్న మాట మొదటి అడుగులోనే తడబడుతుంది. నాకిందులో చిన్నతనమేమీ కనబడలేదు. బయటినుంచి వచ్చిన ఒక గింజని తీసుకుని, దీన్ని ఎవరికివ్వాలి, ఎందుకివ్వాలి, దేనితో కలిపివ్వాలి అని వందల ఏళ్లు కూర్చుని ఆలోచించడం తక్కువ పనా?

సరే, వైద్యంలోకి వద్దాం. చరక సంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో మందుల్ని పదేసి చొప్పున యాభై జట్లుగా విడగొట్టారు. దప్పిక తీర్చే జట్టులో శొంఠి, తుంగముస్త, చందనం, తిప్పతీగ వగైరాలతో పాటు ధాన్యకం ఉంది. అమ్మ గెలిచింది అనుకున్నాను. నాలుగు పేజీలు తిప్పాక చలిని పోగొట్టే జట్టు వచ్చింది. అందులో అగరు, అల్లం, వస, పిప్పళ్ల పక్కన మళ్లీ ధాన్యకం! దాహానికీ అదే, చలికీ అదే. మొదట ముద్రణ దోషమేమో అనుకున్నాను. కాదు.

పదహారో శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశంలో ఇంకాస్త విప్పి చెప్పాడు. ఎండు ధనియాలది ఉష్ణవీర్యం. వీర్యం అంటే ఇక్కడ ఆ పదార్థం ఒంట్లో చేసే పనిలోని శక్తి. అంటే ధనియాలు వేడి! కానీ దప్పికనీ ఒంటి మంటనీ తగ్గిస్తాయి, మూడు దోషాల్నీ సర్దుతాయి. పచ్చిది కూడా అలాంటిదే గానీ తియ్యగా ఉంటుంది, ముఖ్యంగా పిత్తాన్ని తగ్గిస్తుంది. అంటే పచ్చిదానికీ ఎండుదానికీ విడివిడిగా లెక్క రాశాడు.

తమాషా ఏంటంటే, ఇదే తగువు గ్రీకు వైద్యంలోనూ నడిచింది. మొదటి శతాబ్దంలో డయాస్కొరిడిస్ ధనియం చలవ చేస్తుందన్నాడు. రెండో శతాబ్దంలో గేలెన్ వచ్చి అది తప్పని వాదించాడు. మా ఇంట్లో అమ్మకీ నాకూ జరిగిన గొడవ, రెండు వేల ఏళ్ల క్రితమే పెద్దవాళ్ల మధ్య జరిగిపోయిందన్నమాట.

ఈ రోజు రసాయనశాస్త్రం తెలిసిన మనకి ఇందులో కొంత అర్థమవుతుంది. ఆకు వాసన ఆల్డిహైడుల వల్ల వస్తుంది. పచ్చికాయకీ దాదాపు అదే వాసన. కాయ పండి ఎండేకొద్దీ అవి తగ్గి, లినలూల్ అనే తైలపదార్థం పైచేయి అవుతుంది. ఆకూ గింజా ఒకే మొక్కవైనా ఒకే సరుకు కావు. వీర్యం, దోషం అన్న భాష మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ తేడాని ముక్కుతో, నాలుకతో పట్టుకున్నవాళ్లని మెచ్చుకోకుండా ఉండలేం.

ఇంకో విషయం. ఈ పుస్తకాల్లో ధనియాలు ఒంటరిగా కనబడేది తక్కువ. సుశ్రుతుడి గుడూచ్యాది గణంలో తిప్పతీగ, వేప, చందనం, పద్మకంతో కలిసి అయిదుగురిలో ఒకటి. పదకొండో శతాబ్దపు చక్రదత్తంలో ధాన్యపంచకం అనే కషాయం ఉంది. ధనియాలు, శొంఠి, తుంగముస్త, కురువేరు, మారేడు. అజీర్తితో వచ్చే కడుపునొప్పికి, విరేచనాలకి ఇస్తారు. పిత్తం వల్ల వచ్చిన విరేచనాలైతే అందులోంచి శొంఠి తీసెయ్యమంటారు. ఎదుటి మనిషిని బట్టి మందు మారుతుంది. ఎవరికి పడితే వాళ్లకి, పది మందికి ఫార్వర్డ్ చెయ్యండి అన్న పద్ధతి ఎక్కడా లేదు.

మరి ఆ గ్లాసు నీళ్లు? అక్కడే నా పప్పులుడకలేదు. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల నాటి శార్ఙ్గధర సంహితలో 'హిమం' అనే తయారీ ఉంది. ఒక పాలు మందుని దంచి ఆరు పాళ్ల చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే వడకట్టుకుని తాగాలి. అక్కడే ధనియాల హిమం గురించి కూడా ఉంది, చక్కెర కలిపి పొద్దున్నే తాగమని. అచ్చం అమ్మ గ్లాసే! నిజంగా సిగ్గేసింది. నేను వెక్కిరించిన నీళ్లకి ఏడువందల ఏళ్ల చరిత్ర ఉంది.

కానీ అది దేనికి? లోపలి మంటకీ, దప్పికకీ. అంతే. దంచమన్న మాట పోయింది, పాళ్లు పోయాయి, చక్కెర పోయింది, అన్నిటికంటే ముఖ్యం, దేనికన్నది పోయింది. పోయినచోట థైరాయిడ్ వచ్చి కూర్చుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎక్కడినుంచో నాలుగు లైన్ల కోడ్ తెచ్చి అతికించి, పైనున్న కామెంట్లు చెరిపేస్తారు. కోడ్ నడుస్తుంది. ఏం చేస్తోందో మాత్రం ఎవరికీ తెలియదు. ఇదీ అంతే.

మెడ వాపుని సుశ్రుతుడు గలగండం అని వర్ణించాడు, నిజమే. కానీ మెడలోని ఆ గ్రంథి ఒక పదార్థాన్ని తయారు చేస్తుందని, అది తగ్గితే బయటినుంచి ఇవ్వచ్చని తెలియడానికి 1891 దాకా ఆగాల్సొచ్చింది. ఆ ఏడు ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక రోగికి ఎక్కించాడు. చావుకి దగ్గరైన ఆవిడ ఇంకో ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. 1914లో కెండాల్ థైరాక్సిన్‌ని వేరు చేశాడు, 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. మా అమ్మ డబ్బాలో మిగిలిపోయిన మాత్ర ఆ కథకి కొనసాగింపు. అది లేని పదార్థాన్ని భర్తీ చేస్తుంది. ధనియాలు ఎన్ని నానబెట్టినా అందులో థైరాక్సిన్ పుట్టదు.

'ఆయుర్వేదంలో అన్నీ ఉన్నాయి' అనేవాళ్లూ, 'అందులో ఏమీ లేదు' అనే నాబోటివాళ్లూ ఒకేలాంటి వాళ్లమని నాకిప్పుడు అనిపిస్తోంది. ఇద్దరమూ పుస్తకం తెరవలేదు. తెరిస్తే అందులో రహస్యాలుండవు. తగువులుంటాయి, జాబితాలుంటాయి, 'ఇలా అయితే ఇది తీసెయ్' అన్న జాగ్రత్తలుంటాయి. మాత్ర మానెయ్యమని చెప్పినవాడు ఋషీ కాదు, వైద్యుడూ కాదు. ఎవడో ఫోన్‌లో టైపు చేసినవాడు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇదంతా అమ్మకి చెప్పాను, వెక్కిరించకుండా. శార్ఙ్గధరుడి దగ్గర కళ్లు మెరిశాయి. "చూశావా, మీ అమ్మమ్మ ఊరికే తాగలేదు" అంది. దేనికన్నది చెప్పాక మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అయితే అమ్మమ్మ ఎండాకాలంలోనే ఎందుకు తాగేదో ఇప్పుడు తెలిసింది. చలికాలంలో ఎప్పుడూ చూళ్లేదురా నేను".

ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అమ్మమ్మకి దేనికన్నది తెలుసు. పోయింది మధ్యలోనే.

ఇప్పుడు పొద్దున్నే మాత్ర, మంచినీళ్లతో. గంట ఆగి కాఫీ. ధనియాలు చారులోకి, వేసవొస్తే గ్లాసులోకి. ఆ సందేశం పంపిన పది మందికీ అమ్మ స్వయంగా ఫోన్లు చేసింది. వాళ్లలో ఇద్దరు అప్పటికే మాత్రలు మానేశారట.