తోమకూడని కుళాయి

మా అత్తగారి పెరట్లో ఇత్తడి కుళాయి ఉండేది. శుక్రవారం చింతపండుతో తోమితే బంగారమే! కొత్తింట్లో తళతళలాడే క్రోమియం కుళాయి పెట్టించి, అలవాటు కొద్దీ దాన్నీ ఇసుక వేసి తోమేశాను. ఏడాదికల్లా పసుపుపచ్చ మచ్చలు!

ఇత్తడి రాగీ, తుత్తునాగం కలిసిన లోహం. ఎంత అరిగినా ఇత్తడే. క్రోమియం ఒట్టి పూత. 1920లలో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో కోలిన్ ఫింక్ ప్రభృతులు దాన్ని వాడుకలోకి తెచ్చారు. అంతకుముందు నికెల్ పూతే. మెరుగు మాసిపోయేది, రుద్దక తప్పేది కాదు. ఇప్పటికీ మంచి కుళాయిల్లో ఇత్తడి మీద నికెల్, ఆపైన క్రోమియం. ఆ పైపొర మామూలుగా మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదట! తోముడు తప్పించడానికి పుట్టినదాన్ని తోమి తోమి పోగొట్టానన్నమాట.

తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ చాలు. గచ్చు కడిగే యాసిడ్ మాత్రం దాని దరికి రానివ్వకండి.

అత్తగారి కుళాయిని పాతసామాన్లవాడికి తూకానికి వేసిందీ నేనే.