విశాఖ, నాగపూర్, రాయ్‌పూర్: ఒక అప్పగింత చరిత్ర

రాయ్‌పూర్ కథోలిక పీఠం 1964 జనవరిలో ఏర్పడింది. అరవై ఏళ్లు దాటాక కూడా చాలామంది దాని చరిత్రను జర్మన్ గురువుల రాకతోనే మొదలుపెడతారు. అక్కడ మొదలుపెడితే సగమే చెప్పినట్టు. ఆల్ప్స్ కొండల చెంత ఆన్సీ పట్టణంలో ఫాదర్ పీటర్ మెర్మియే 1838లో స్థాపించిన సభ గురువులు 1846లో విశాఖపట్నంలో దిగారు. నాగపూర్ దాకా విస్తరించిన మిషను భారం వాళ్ల మీద పడింది. 1887లో విశాఖ నుంచి నాగపూర్ పీఠం, 1964లో నాగపూర్ నుంచి రాయ్‌పూర్ పీఠం విడివడ్డాయి. ఆ వరసలో రాయ్‌పూర్‌కు నాగపూర్ తల్లి, విశాఖ అమ్మమ్మ. రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది 1931లో. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే ఈ రెండు ప్రాంతాలూ శ్రీసభ పాలనలో ఒకే గొడుగు కింద ఉన్నాయి.

ఈ పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం విశాఖ గొప్ప చాటడానికి కాదు. మిషను అంటే ఒక కేంద్రం తన అధికారాన్ని బయటికి పెంచుకుంటూ పోవడమని మిత్రులూ విమర్శకులూ కూడా అనుకుంటారు. మన చరిత్ర చూపేది వేరు. ఇక్కడ జరిగింది వరసగా అప్పగింతలు. దీనికి వేదాంతపరమైన ఆధారమూ ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబర్ 7న ఆమోదించిన మిషను పత్రం ప్రకారం శ్రీసభ ప్రేషిత స్వభావానికి మూలం దేవుడు తన కుమారుణ్ణీ పవిత్రాత్మనూ లోకానికి పంపడంలోనే ఉంది. అంటే మిషను దేవుడిది. వచ్చిన గురువు దూతే గాని హక్కుదారు కాడు. తనది కానిదాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకునే అధికారం దూతకు ఉండదు.

ఈ సూత్రాన్ని శ్రీసభ అన్నివేళలా పాటించిందనలేం, దారి తెలియక మాత్రం కాదు. 1659లోనే రోమ్ తూర్పు దేశాలకు వెళ్లే మిషనరీలను హెచ్చరించింది: విశ్వాసాన్ని తీసుకెళ్లండి, ఐరోపా ఆచారాలను కాదు, స్థానిక గురువులను తయారు చేయండి. అంతకు ముందు 1623లో మదురైలో స్థానిక ఆచారాలను స్వీకరిస్తూ రాబర్టో డి నొబిలి అనుసరించిన పద్ధతికి పోపు అనుమతి దొరికింది. రాయలసీమలోని కృష్ణాపురంలో ఫాదర్ కేర్దూ తెలుగు, సంస్కృతాలు అధ్యయనం చేసి, సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న చుట్టరికాన్ని 1767లోనే పారిస్ పండితులకు రాశాడు. కానీ అప్పటికే 1744లో అదే రోమ్ మలబారు ఆచారాలపై, అంటే నొబిలి తరహా స్థానిక సర్దుబాట్లపై, కఠినమైన ఆంక్షలు విధించింది. ఆ ఆంక్షలను పాటిస్తామని మిషనరీలు చేయాల్సి వచ్చిన ప్రమాణాన్ని 1940 వరకూ ఎత్తివేయలేదు. దారి తెలిసి కూడా రెండు వందల ఏళ్లు ఆగిపోయిన సంస్థ ఇది.

రాయ్‌పూర్ పీఠం ఆ ప్రతిష్టంభన తొలగిన కాలంలో, మహాసభ జరుగుతుండగానే పుట్టింది. బాధ్యత వహించిన జర్మన్ పల్లోటి సభ గురువు జాన్ వైడ్నర్ ప్రిఫెక్టుగా, అంటే బిషప్ హోదా లేని పీఠాధిపతిగా, పని ప్రారంభించాడు. 1972లో బస్తర్ ప్రాంతం జగ్దల్‌పూర్ కేంద్రంగా కేరళ సిరో-మలబారు శ్రీసభ చేతికి వెళ్లింది. ఆ క్రైస్తవులు తమ విశ్వాసాన్ని తోమా అపోస్తలుడి నుంచి లెక్కపెట్టుకుంటారు. ఐరోపా నుంచి కాదు. 1973లో రాయ్‌పూర్ పూర్తిస్థాయి మేత్రాసనమైంది. 1980ల్లో ఆదివాసీ జెస్యూట్ ఫిలిప్ ఎక్కా బిషప్‌గా వచ్చాడు. 2004లో రాయ్‌పూర్ అగ్రపీఠమైంది. తొలి ప్రిఫెక్టుకూ ఆదివాసీ బిషప్‌కూ మధ్య గడిచింది ఒక తరమే.

ఈ అప్పగింతల కథకు బలమైన అభ్యంతరం ఉంది. నాగపూర్ పక్కన కాంప్టీ కంటోన్మెంటు సైనికుల వెంటే గురువులు వచ్చారు కదా, బడులూ ఆసుపత్రులూ ఎర కాదా అని అడుగుతారు. 1956లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం వేసిన నియోగి కమిటీ ఇదే అంది. 1968లో మధ్యప్రదేశ్ మత స్వేచ్ఛ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద బలోదా బజార్ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు ప్రాసిక్యూషన్‌కు అనుమతించిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసులో వచ్చిన 1977 స్టెయినిస్లాస్ తీర్పు మతప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని చెప్పింది. ఆ తీర్పుతో మత స్వేచ్ఛ ఇరుకైందని వాదించే న్యాయ పండితులున్నారు. ఆ వాదనలో బలం ఉంది. అయితే పేదల విషయంలో, చదువు లేనివారి విషయంలో మోసపు ఒప్పింపులు తగవని మహాసభ మత స్వేచ్ఛ ప్రకటన కూడా హెచ్చరించింది. విశ్వాసం దేవుని వరం, దానికి మనిషి స్వేచ్ఛగా ఇచ్చే జవాబు. ఒకరు మరొకరిని మార్చడమనేది కథోలిక వేదాంతంలోనే పొసగదు. కనుక ఎక్కడైనా ఎర జరిగి ఉంటే అది చట్టం కన్నా ముందు సువార్తకే విరుద్ధం.

రెండో అభ్యంతరం: స్థానిక సంస్కృతిని తొడుక్కోవడం కేవలం ముసుగని. పెత్తనం బయటివాడి చేతిలోనే ఉండి, పూజలో దీపాలూ హారతీ మాత్రమే వచ్చి ఉంటే ఆ విమర్శ నిజమే. పీఠం ఆదివాసీ చేతికి వచ్చాక మాత్రం ఆ మాట నిలవదు. ఇంటివాడికి ముసుగు అక్కరలేదు.

ఇంకా మిగిలింది ఒక అప్పగింత. పల్లోటి సభ స్థాపకుడు విన్సెంట్ పల్లోటి 1835లో రోములో మొదలుపెట్టిన ఉద్యమానికి మూలం ఒక్కటే: జ్ఞానస్నానం పొందిన ప్రతివారూ ప్రేషితులే. విదేశీ గురువు నుంచి స్వదేశీ గురువుకు బాధ్యత మారింది. గురువు నుంచి విశ్వాసికి, ముఖ్యంగా మన విచారణల్లోని స్త్రీలకూ ఉపదేశులకూ, నిర్ణయాధికారం ఎంత మారిందన్నది వేరే ప్రశ్న. పీఠం తర్వాతి ఉత్సవ సంచికలో బిషప్పుల జాబితా కన్నా ఆ లెక్కకే ఎక్కువ పేజీలు ఇవ్వాలి.