నర్సింగ్ తొలి ఇంటర్వ్యూ: వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసిన అమ్మాయిలకు ఇంటర్వ్యూ అనగానే గుబులు. ఇంట్లోవాళ్లకు ఇంకా ఎక్కువ. నిజానికి సర్కారు నర్సు కొలువుకు ఇంటర్వ్యూయే లేదు. 2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో రాత పరీక్షకు 80 మార్కులు. మిగతా 20 సర్కారు దవాఖానాల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మీద చేసిన సర్వీసుకు. బీబీనగర్ ఎయిమ్స్‌లో చేరాలన్నా నార్‌సెట్ పరీక్షే రాయాలి.

కాబట్టి తొలి ఇంటర్వ్యూ దాదాపుగా ప్రైవేటు ఆసుపత్రిదే అవుతుంది. ఏ ఆసుపత్రి అన్నది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. జీఎన్‌ఎం చేసినవాళ్లు నార్‌సెట్ రాయాలంటే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి ఉండాలి. ఇంటి పక్కనే ఉందని పది పడకల నర్సింగ్ హోమ్‌లో చేరితే ఆ అనుభవం ఇక్కడ లెక్కకు రాదు. బీఎస్సీ వాళ్లకు ఈ షరతు లేదు.

కాగితాల్లో మొదటిది తెలంగాణ నర్సుల కౌన్సిల్ రిజిస్ట్రేషన్. అది చేతిలో లేకుండా ఇంటర్వ్యూకు వెళ్లినా లాభం ఉండదు. మన ఇళ్లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. టెన్త్ మెమోలో 'సుల్తానా', ఆధార్‌లో 'బేగం', నాన్న పేరు ఒకచోట 'ఎండీ', ఇంకోచోట 'మహమ్మద్'. ఇక్కడి ఆసుపత్రి చూసీచూడనట్టు వదిలేసినా, రేపు సౌదీకో దుబాయ్‌కో వెళ్దామంటే సర్టిఫికెట్ల తనిఖీలో అదే అడ్డు పడుతుంది. టెన్త్ మెమో ప్రకారం మిగతావి ముందే సరిచేయించుకోవడం మేలు.

ఇంటర్వ్యూలో నర్సింగ్ సూపరింటెండెంట్ అడిగేవి చాలావరకు వార్డు పనే. 500 ఎంఎల్ సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెట్ ఎంఎల్‌కు 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? సుమారు 21. సీపీఆర్‌లో పెద్దవాళ్లకు 30 నొక్కులకు 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు. వాడిన సూది ఏ డబ్బాలో? తెల్లటి, గుచ్చుకోని డబ్బాలో. సూది చేతికి గుచ్చుకుంటే? పిండకూడదు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌చార్జికి చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు.

పరిచయం ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు చెప్పగలిగితే చాలు. తర్వాత మాట రాకపోతే మౌనంగా ఉండేకన్నా తెలుగులో చెప్పేయడమే నయం. ఉర్దూ వచ్చన్న సంగతి చెప్పడం మరిచిపోవద్దు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే నర్సు రోగులకు ఎంత అవసరమో వాళ్లకు తెలుసు.

స్కార్ఫ్ మాట చేరిన తర్వాత ఎత్తితే గొడవే అవుతుంది, ఇంటర్వ్యూలోనే అడగాలి. చాలా ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ భయంతో మోచేతి కింద బట్ట, గాజులు, ఉంగరాలు వద్దంటారు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్‌లో పట్టింపు ఇంకా ఎక్కువ. ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. నెలకు ఎన్ని నైట్ డ్యూటీలు, హాస్టల్ ఉందా, రాత్రి డ్యూటీకి బండి పంపిస్తారా అన్నవి అమ్మానాన్నలు ఎలాగూ అడుగుతారు. ఆ జవాబులు అమ్మాయే తెచ్చుకుంటే మంచిది.

జీతం అడగడానికి మొహమాటం అక్కర్లేదు. సుప్రీంకోర్టు 2016 ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలు కూడా లేని ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గొద్దని సిఫారసు చేసింది. చాలాచోట్ల అమలు కావడం లేదన్నది వేరే మాట. కనీసం ఆ అంకె తెలిసి కూర్చోవాలి. బాండ్ ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది సంతకానికి ముందే చదవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోవాలి, జిరాక్స్‌లు ఇస్తే సరిపోతుంది. ఎప్పుడు మానేసినా తేదీలు, పడకల సంఖ్య రాసిన అనుభవ పత్రం ఇస్తారా అని కూడా అప్పుడే అడిగి ఉంచుకోవాలి.